మల పరీక్షకు ఏ పద్ధతి: సెలైన్ మౌంట్ నుంచి కాటో-కాట్జ్ దాకా

మల పరీక్ష రిపోర్టులో "ఓవా (గుడ్లు), సిస్టులు కనిపించలేదు" అన్న వాక్యాన్ని చాలా తేలిగ్గా రాసేస్తాం. ఆ వాక్యానికి ఎంత బలం ఉందో మాత్రం మనం ఏ పద్ధతిలో చూశామన్న దాన్ని బట్టే తేలుతుంది. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. సెలైన్ చుక్కలో పుల్ల కొనతో కలిపే మలం సుమారు 2 మిల్లీగ్రాములు. మనిషి రోజుకు 100 గ్రాముల మలం విసర్జిస్తాడనుకుంటే, మనం చూస్తున్నది అందులో యాభై వేలవ వంతు. పేగులో ఒక్క ఆడ ఏలికపాము ఉన్నా అది రోజుకు దాదాపు 2,00,000 గుడ్లు పెడుతుంది కాబట్టి, ఆ చుక్కలో సగటున నాలుగు గుడ్లు పడతాయి. ఓపికగా చూసే టెక్నీషియన్‌కు అవి దొరుకుతాయి. అదే నెకేటర్ జాతి కొంకిపురుగైతే రోజుకు పెట్టేది 5,000 నుంచి 10,000 గుడ్లు మాత్రమే. ఎక్కువలో ఎక్కువ లెక్కకట్టినా, ఒక ఆడపురుగు ఉన్న రోగిలో ఐదు స్లైడ్లు చూస్తే గానీ ఒక్క గుడ్డు కనిపించదు. రోగి ఒకడే, మైక్రోస్కోపు ఒకటే, చూసే కన్ను కూడా ఒకటే అయినా ఒక పురుగు దొరుకుతుంది, మరొకటి తప్పించుకుపోతుంది.

చిన్న ల్యాబ్ నడిపేవారికీ, బడిపిల్లల సర్వేకు వెళ్లేవారికీ, ఆసుపత్రి మైక్రోబయాలజీ విభాగంలో పనిచేసేవారికీ, ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) చదువుతున్నవారికీ ఈ ఎంపిక తరచూ ఎదురవుతుంది. వాడుకలో ఉన్న పద్ధతులను ఒక్కొక్కటిగా తూచి, ఎవరికి ఏది సరిపోతుందో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

## ముందుగా తేల్చుకోవలసినవి

మొదటిది, మనం వెతుకుతున్నది ఏమిటన్నది. పేగు పరాన్నజీవులు మలంలో ఐదు రూపాల్లో కనిపిస్తాయి: అమీబా, జియార్డియా వంటి ఏకకణ జీవుల కదిలే రూపమైన ట్రోఫోజోయిట్లు, అవే గట్టి పొర కట్టుకున్న సిస్టులు, పురుగుల గుడ్లు, లార్వాలు, క్రిప్టోస్పోరిడియం వంటి ఏకకణ జీవుల ఊసిస్టులు. ఈ ఐదింటినీ సమానంగా చూపించే పద్ధతి ఏదీ లేదు. ట్రోఫోజోయిట్‌ను కాపాడే పద్ధతిలో గుడ్లు తక్కువగా దొరుకుతాయి. గుడ్లను పోగుచేసే పద్ధతిలో ట్రోఫోజోయిట్ బతకదు. ఇక్కడ రోగి గురించిన సమాచారం ఎంతో ఉపయోగపడుతుంది. రక్తహీనతతో వచ్చిన కూలీ, పది రోజులుగా నీళ్ల విరేచనాలతో ఉన్న హెచ్‌ఐవీ రోగి, రాత్రిళ్లు ఆసనం దగ్గర దురదతో నిద్రపోని పాప, ఈ ముగ్గురి నమూనాలకూ ఒకే పరీక్ష చేయడం పొరపాటు.

ఈ సందర్భంగా పేర్ల గురించి ఒక మాట. మన పత్రికలు, ఆరోగ్యశాఖ ప్రకటనలు అన్ని పురుగులనూ కలిపి "నులిపురుగులు" అనేస్తుంటాయి. పిల్లల ఆసనం దగ్గర తెల్లటి దారపు పోగులా కనిపించే పురుగునూ, అడుగు పొడవున్న ఏలికపామునూ తల్లిదండ్రులు అదే పేరుతో పిలుస్తారు. కాబట్టి నమూనా తీసుకునేటప్పుడు పురుగు పేరు అడగడం కన్నా, అది ఎంత పొడవుందో, ఎక్కడ కనిపించిందో అడగడం మేలు.

రెండోది, నమూనా వయసు. నీళ్ల విరేచనమైతే అరగంటలోపు, మెత్తటి మలమైతే గంటలోపు చూడాలి. గట్టి మలం ఆ రోజంతా ఆగుతుంది. ఉదయం ఏడింటికి తీసిన నీళ్ల విరేచనం మధ్యాహ్నం బల్ల మీదికి చేరితే, అందులో కదిలే అమీబా కోసం వెతకడం వృథా శ్రమే అవుతుంది. మూడోది, లెక్క కావాలా, ఉందో లేదో చెబితే చాలా అన్నది. రోగి చికిత్సకు సాధారణంగా ఉందో లేదో తెలిస్తే చాలు. సర్వేకు మాత్రం గ్రాముకు ఎన్ని గుడ్లన్న అంకె కావాలి. ఆ తరువాత నమూనాను వేగంగా తిప్పే సెంట్రిఫ్యూజ్ ఉందా, ఈథర్ వంటి మండే ద్రవాన్ని దాచుకునే చోటుందా, రోజుకు ఎన్ని నమూనాలు వస్తాయి అన్న ఆచరణ ప్రశ్నలు ఉండనే ఉన్నాయి.

## సెలైన్, అయోడిన్ మౌంట్లు

ఒక స్లైడుకు ఒక చివర 0.85 శాతం సెలైన్ చుక్క, మరో చివర అయోడిన్ చుక్క వేసి, రెండింటిలోనూ కొద్దిగా మలం కలిపి కవర్ స్లిప్ వేస్తే ఐదు నిమిషాల్లో పరీక్ష మొదలవుతుంది. సెలైన్‌లో జీవి కదులుతుంది: రాలే ఆకులా ఊగుతూ పోయే జియార్డియా, ఒకే దిక్కుకు పాదాన్ని చాపుతూ సాగే అమీబా ఇక్కడే కనిపిస్తాయి. అయోడిన్ వేసిన వెంటనే అవి చనిపోతాయి గానీ, సిస్టులలోని కేంద్రకాలు, గ్లైకోజెన్ స్పష్టంగా తేలుతాయి. అమీబా సిస్టులో ఉండే క్రోమటాయిడ్ కడ్డీలు మాత్రం సెలైన్‌లోనే మెరుగ్గా కనిపిస్తాయి. అందుకే రెండు చుక్కలూ వేయాలి. అయోడిన్ ఒక్కదానితో సరిపెట్టుకునే అలవాటు మంచిది కాదు.

చూసే తీరు కూడా పద్ధతిలో భాగమే. కండెన్సర్‌ను కొంచెం దించి, డయాఫ్రమ్‌ను మూసి, వెలుతురు తగ్గించకపోతే సెలైన్‌లోని సిస్టు గాజులో గాజులా కలిసిపోతుంది. 10x తో కవర్ స్లిప్ మొత్తాన్ని వరుసగా, మగ్గంలో నాడె తిరిగినట్టు అటూ ఇటూ చూసి, అనుమానం వచ్చిన చోట 40x కు మారాలి.

ఈ పద్ధతి బలహీనత మొదట వేసిన లెక్కలోనే ఉంది: 2 మిల్లీగ్రాములు. మరో బలహీనత చూసేవారి కంటిది. చీము కణాలను, మాక్రోఫేజ్‌లను అమీబాగా రాయడం మన ల్యాబ్‌లలో పాత జబ్బు. మాక్రోఫేజ్ కూడా ఎర్ర రక్తకణాలను మింగుతుంది కాబట్టి అది మరింత మోసం చేస్తుంది. ఈస్ట్ కణాలు, పుప్పొడి, పిండి రేణువులు, కొవ్వు బిందువులు ఇవన్నీ ఏదో ఒక సిస్టునో గుడ్డునో పోలి ఉంటాయి. ఐపీస్‌లో మైక్రోమీటర్ లేకుండా ఈ గొడవ తేలదు. ఎంటమీబా హిస్టోలిటికా సిస్టు సాధారణంగా 12 నుంచి 15 మైక్రాన్లు, గరిష్ఠంగా నాలుగు కేంద్రకాలు. హాని చేయని ఎంటమీబా కోలై సిస్టు సాధారణంగా 15 నుంచి 25 మైక్రాన్లు, ఎనిమిది కేంద్రకాల దాకా ఉంటాయి. కొలవకుండా ఈ తేడా చెప్పడం అంచనా కిందికే వస్తుంది. నా అభిప్రాయంలో చిన్న ల్యాబ్ కొత్త రసాయనం కొనే ముందు మైక్రోమీటర్ కొనాలి.

కొలిచినా తేలనిది ఒకటుంది. హిస్టోలిటికా సిస్టుకూ, రోగం కలిగించని ఎంటమీబా డిస్పార్ సిస్టుకూ చూపులో తేడా లేదు. మింగిన ఎర్ర రక్తకణాలతో ట్రోఫోజోయిట్ కనిపిస్తే హిస్టోలిటికా అనడానికి ఆధారం ఉంటుంది. లేనప్పుడు "హిస్టోలిటికా/డిస్పార్" అని రాయడమే నిజాయితీ. అంతకుమించి చెప్పాలంటే జీవి ప్రోటీన్లను పట్టే యాంటీజెన్ పరీక్షో, దాని జన్యుపదార్థాన్ని గుర్తించే పీసీఆరో కావాలి.

## ఫార్మాల్-ఈథర్ సాంద్రీకరణ

సెలైన్ మౌంట్‌కు తోడుగా ఒక్కటే పద్ధతి ఎంచుకోవలసి వస్తే నేను దీన్నే ఎంచుకుంటాను. 1948లో రిచీ వివరించిన ఈ పద్ధతిలో, శనగగింజంత మలాన్ని 10 శాతం ఫార్మాలిన్‌లో కలిపి, గాజుగుడ్డ గుండా వడకట్టి, ఆ 7 మి.లీ. ద్రవానికి 3 మి.లీ. ఈథర్ చేర్చి, మూత బిగించి గట్టిగా కుదిపి సెంట్రిఫ్యూజ్ చేస్తారు. గొట్టంలో నాలుగు పొరలు ఏర్పడతాయి: పైన ఈథర్, దాని కింద కొవ్వు, చెత్త చేరిన గట్టి బిరడా, ఆ బిరడా కింద ఫార్మాలిన్, అట్టడుగున మనకు కావలసిన మడ్డి. బిరడాను పుల్లతో అంచుల వెంట వదులుచేసి, పైవన్నీ ఒక్కసారిగా వంచేసి, మడ్డిని స్లైడు మీదికి తీసుకుంటే గుడ్లు, సిస్టులు, లార్వాలు మూడూ దొరుకుతాయి. రూపం పెద్దగా చెడదు. ఫార్మాలిన్‌లో వేసిన నమూనా ఎన్ని రోజులైనా ఆగుతుంది కాబట్టి, దూరపు తండాల నుంచి బస్సులో రావలసిన నమూనాలకూ ఇది పనికొస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపడేది సెంట్రిఫ్యూజ్ వేగంలో. పుస్తకంలో "1,500 ఆర్‌పీఎం" (నిమిషానికి చుట్లు) అని ఉంటే అదే అంకె తిప్పుతారు. గొట్టం అడుగును చేరే బలం రోటర్ వ్యాసార్ధం మీద కూడా ఆధారపడుతుంది. గురుత్వాకర్షణకు 500 రెట్ల బలం 10 నిమిషాల పాటు కావాలంటే, 15 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న యంత్రంలో సుమారు 1,700 ఆర్‌పీఎం, 10 సెంటీమీటర్లదైతే సుమారు 2,100 ఆర్‌పీఎం తిప్పాలి. బల్ల మీది చిన్న సెంట్రిఫ్యూజ్‌లో 1,500 దగ్గరే ఆపేస్తే చిన్న ఊసిస్టులు అడుక్కు చేరకుండా పై ద్రవంతో పాటు సింకులోకి పోతాయి.

నష్టాలు లేకపోలేదు. ట్రోఫోజోయిట్లు ఇందులో కనిపించవు. ఈథర్ ఆవిరి నిప్పురవ్వకే అంటుకుంటుంది. ఏసీ లేని గదిలో, వేసవిలో, స్పిరిట్ దీపం వెలిగే బల్ల పక్కన దాన్ని వాడడం ప్రమాదం. దాని స్థానంలో ఇథైల్ అసిటేట్ వాడితే ఫలితం తగ్గదు, ప్రమాదం తగ్గుతుంది. ఫార్మాలిన్‌లో ఉంది కదా అని చేతి తొడుగులు తీసేయకూడదు: ఏలికపాము గుడ్డు పెంకు ఫార్మాలిన్‌కు కూడా చాలాకాలం తట్టుకుంటుంది.

## ఉప్పు నీటిలో తేల్చడం

ఇది 1921లో విల్లిస్ చెప్పిన పద్ధతి. సంతృప్త ఉప్పు ద్రావణం విశిష్ట సాంద్రత సుమారు 1.20. చిన్న సీసాలో మలం కలిపి, అంచు దాకా నింపి, పైన స్లైడు తాకించి 20 నుంచి 30 నిమిషాలు ఆగితే తేలికైన గుడ్లు పైకి తేలి గాజుకు అంటుకుంటాయి. సెంట్రిఫ్యూజ్ అక్కర్లేదు, ఖర్చు కల్లుప్పు ఖర్చే. కొంకిపురుగు గుడ్లకు ఇది చాలా బాగా పనిచేస్తుంది; కొరడా పురుగు, ఫలదీకరణ జరిగిన ఏలికపాము, హైమెనోలెపిస్ నానా (చిన్న బద్దెపురుగు) గుడ్లు కూడా తేలుతాయి.

తేలనివాటి జాబితా మాత్రం గుర్తుంచుకోవాలి: ఫలదీకరణ జరగని ఏలికపాము గుడ్లు, బద్దెపురుగు టీనియా గుడ్లు, మూత ఉన్న ట్రెమటోడ్ (ఆకు పురుగు) గుడ్లు, స్ట్రాంగిలాయిడిస్ అనే పేగు పురుగు లార్వాలు. సిస్టులు తేలినా ఉప్పుకు ముడుచుకుపోతాయి. అరగంట దాటితే తేలినవి కూడా ఆకారం చెడి మునగడం మొదలవుతుంది. ఉప్పుకు బదులు 1.18 సాంద్రత గల జింక్ సల్ఫేట్ వాడితే సిస్టులు మెరుగ్గా ఉంటాయి. కానీ దాని సాంద్రతను హైడ్రోమీటర్‌తో తరచూ సరిచూసుకోవాలి. అది చేయని చోట జింక్ సల్ఫేట్ వల్ల ఒరిగేది లేదు.

## కాటో-కాట్జ్: లెక్క కావలసినప్పుడు

జాలీ గుండా నొక్కిన మలాన్ని రంధ్రమున్న అచ్చులో నింపితే కచ్చితంగా 41.7 మిల్లీగ్రాములు వస్తుంది. దాని మీద గ్లిజరిన్, మలకైట్ గ్రీన్ ద్రావణంలో ఒక రోజు నానిన సెలోఫేన్ ముక్క కప్పి నొక్కితే, గ్లిజరిన్ మలాన్ని పారదర్శకం చేస్తుంది. కనిపించిన గుడ్ల సంఖ్యను 24తో గుణిస్తే గ్రాముకు గుడ్ల లెక్క వస్తుంది. మొదట చెప్పిన కొంకిపురుగు రోగికి గ్రాముకు వంద గుడ్లుంటాయి కదా, అతని కాటో స్లైడులో సగటున నాలుగు కనిపిస్తాయి. సెలైన్ చుక్కకూ దీనికీ తేడా అక్కడుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పురుగుల భారాన్ని ఈ అంకెతోనే వర్గీకరిస్తుంది. ఏలికపాముకు గ్రాముకు 5,000 గుడ్ల లోపు తేలికపాటి భారం, 50,000 నుంచి తీవ్రం. కొరడా పురుగుకు ఆ హద్దులు 1,000, 10,000. కొంకిపురుగుకు 2,000, 4,000. మన దేశంలో 2015 నుంచి ఫిబ్రవరి 10న 1 నుంచి 19 ఏళ్ల వారికి ఆల్బెండజోల్ మాత్రలు ఇస్తున్నారు. ఆ మాత్రల వల్ల ఊరిలో భారం తగ్గిందా అని తెలుసుకోవాలంటే "ఉంది, లేదు" అన్న జవాబు చాలదు. మొదటిసారి గ్రాముకు ఎన్ని, ఏడాది తరువాత ఎన్ని అన్నది కావాలి.

పరిమితులు గట్టివే. నీళ్ల విరేచనాన్ని అచ్చులో నింపలేం. సిస్టులు, ఊసిస్టులు అసలే కనిపించవు. కొంకిపురుగు గుడ్డు పలుచని పెంకుది కావడంతో అరగంట నుంచి గంటలోపే గ్లిజరిన్‌లో కరిగిపోయినట్టు మాయమవుతుంది. ఏలికపాము, కొరడా పురుగు గుడ్లను ఆ తరువాత కూడా చూడవచ్చు. పొద్దున యాభై స్లైడ్లు వేసి, భోజనం చేసి వచ్చి చదివిన బృందం తమ ఊరిలో కొంకిపురుగు లేదని తేల్చేస్తుంది.

## ప్రత్యేక అవసరాల పద్ధతులు

మార్చిన యాసిడ్-ఫాస్ట్ రంగు క్రిప్టోస్పోరిడియం, సైక్లోస్పోరా, సిస్టోఐసోస్పోరా ఊసిస్టులకు. క్షయ స్లైడుకు వాడేంత గాఢమైన ఆమ్లం కాకుండా పలుచనిది, సాధారణంగా 1 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడాలి. ఆ సంగతి మరిచి క్షయ కిట్‌నే వాడితే ఊసిస్టుల రంగు కూడా కడిగేసినట్టవుతుంది. గుర్తింపు కొలతతోనే: క్రిప్టోస్పోరిడియం 4 నుంచి 6 మైక్రాన్లు, సైక్లోస్పోరా 8 నుంచి 10, సిస్టోఐసోస్పోరా 20కి పైబడిన పొడవుతో కోలగా ఉంటుంది. డాక్టరు ప్రత్యేకంగా అడగకపోతే చాలా ల్యాబ్‌లు ఈ రంగు వేయవు. అడగవలసిన డాక్టరేమో మామూలు మల పరీక్షలో అదీ వస్తుందనుకుంటారు.

ట్రైక్రోమ్ రంగు అమీబాల కేంద్రకాలను వివరంగా చూపిస్తుంది, స్లైడు ఏళ్ల తరబడి నిలుస్తుంది. పని మాత్రం ఎక్కువ. బోధనాసుపత్రికి తప్ప మిగతావారికి సిఫారసు చేయను.

ఆసనం దగ్గర దురద ఉన్న పిల్లలకు మల పరీక్షే తప్పు పరీక్ష. ఎంటరోబియస్ (దారపు పోగులా కనిపించే ఆ పురుగు) ఆడది గుడ్లను బయట, ఆసనం చుట్టూ చర్మం మీద పెడుతుంది. తెల్లవారగానే, స్నానానికీ మలవిసర్జనకూ ముందు, పారదర్శకమైన టేపును అక్కడ అంటించి తీసి స్లైడు మీద పెడితే చాలు.

స్ట్రాంగిలాయిడిస్‌కు అగర్ ప్లేటు. లార్వాలు పాకిన దారుల వెంట బ్యాక్టీరియా గీతల్లా పెరుగుతుంది. స్టెరాయిడ్లు మొదలుపెట్టే రోగిలో ఇది తప్పిపోతే లార్వాలు ఒళ్లంతా వ్యాపించి ప్రాణం మీదికి రావచ్చు. ఈ నమూనాను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. మరో చిక్కు, గది వేడిమిలో ఒక రోజు ఉన్న మలంలో కొంకిపురుగు గుడ్లు పొదిగి అచ్చం అలాంటి లార్వాలే వస్తాయి. నోటి గొట్టం పొడవుగా ఉంటే కొంకిపురుగు, పొట్టిగా ఉండి జననాంగ మూలం స్పష్టంగా కనిపిస్తే స్ట్రాంగిలాయిడిస్.

| పద్ధతి | బాగా దొరికేవి | దొరకనివి | నమూనా | కావలసినవి |
|---|---|---|---|---|
| సెలైన్, అయోడిన్ | ట్రోఫోజోయిట్లు, సిస్టులు, ఎక్కువగా ఉన్న గుడ్లు | తక్కువ సంఖ్యలోని గుడ్లు, చిన్న ఊసిస్టులు | తాజాది | మైక్రోస్కోపు, మైక్రోమీటర్ |
| ఫార్మాల్-ఈథర్ | గుడ్లు, సిస్టులు, లార్వాలు | ట్రోఫోజోయిట్లు | తాజాది లేదా ఫార్మాలిన్‌లోది | సెంట్రిఫ్యూజ్, గాలి ఆడే గది |
| ఉప్పు నీరు | కొంకిపురుగు, కొరడా పురుగు గుడ్లు | టీనియా, ట్రెమటోడ్ గుడ్లు, లార్వాలు | తాజాది | సీసా, ఉప్పు |
| కాటో-కాట్జ్ | గుడ్ల లెక్క | ప్రోటోజోవాలు (ఏకకణ జీవులు) అన్నీ | తాజాది, గట్టిది | అచ్చు, సెలోఫేన్ |
| యాసిడ్-ఫాస్ట్ | ఊసిస్టులు | గుడ్లు | తాజాది లేదా ఫార్మాలిన్‌లోది | రంగులు, 100x ఆయిల్ |

## ఎవరికి ఏది

రోజుకు ఐదారు నమూనాలు వచ్చే పట్టణపు ల్యాబ్‌కు సెలైన్, అయోడిన్ మౌంట్లు తప్పనిసరి. వాటిలో ఏమీ దొరకని నమూనాకు ఫార్మాల్-ఈథర్ లేదా ఇథైల్ అసిటేట్ పద్ధతి కలపాలి. రక్తపరీక్షలకు సెంట్రిఫ్యూజ్ ఎలాగూ ఉంటుంది కాబట్టి అదనపు ఖర్చు తక్కువే. సెంట్రిఫ్యూజ్ కూడా లేని చోట, కొంకిపురుగు అనుమానించే రక్తహీనత రోగులే ఎక్కువగా వచ్చేట్టయితే ఉప్పు నీటి పద్ధతి గౌరవనీయమైన ప్రత్యామ్నాయమే. దాంతో బద్దెపురుగు లేదని మాత్రం చెప్పకూడదు.

సర్వే బృందానికి కాటో-కాట్జ్‌కు సాటి లేదు. అయితే రోజుకు ఎన్ని స్లైడ్లు వేయాలన్నది ఎన్ని మలం డబ్బాలు చేరాయన్న దాన్ని బట్టి కాకుండా, గంటలోపు ఎన్ని చదవగలమన్న దాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

హెచ్‌ఐవీ, అవయవ మార్పిడి, క్యాన్సర్ రోగులను చూసే ఆసుపత్రిలో యాసిడ్-ఫాస్ట్ రంగును అడిగితే చేసే పరీక్షగా ఉంచకుండా, ఆ వార్డుల నుంచి వచ్చే ప్రతి విరేచన నమూనాకూ చేయడం మంచిది. స్టెరాయిడ్లు మొదలుపెట్టబోయే రోగులకు అగర్ ప్లేటు సౌకర్యం కూడా ఉండాలి. జియార్డియా అనుమానం బలంగా ఉండి, స్లైడులో కనిపించని చోట యాంటీజెన్ కిట్‌కు పెట్టే డబ్బు దండగ కాదు, ఎందుకంటే జియార్డియా సిస్టులు రోజూ ఒకేలా రావు. కిట్ లేకపోతే పది రోజుల్లో రోజు విడిచి రోజు మూడు నమూనాలు చూడడం దానికి దగ్గరి ప్రత్యామ్నాయం. ఒకే రోజు మూడు స్లైడ్లు వేయడం దానికి సమానం కాదు.

విద్యార్థులకు నా సలహా కొంచెం వేరు. మొదటి ఆరు నెలలు సెలైన్, అయోడిన్ మౌంట్లు మాత్రమే వేయండి, ప్రతి స్లైడులోనూ కనిపించిన ప్రతి గుండ్రటి వస్తువునూ కొలవండి, బొమ్మ గీయండి, పురుగు కానివాటిని కూడా. పీపాలాంటి కొరడా పురుగు గుడ్డును ఎవరైనా ఒక్కసారి చూస్తే మరిచిపోరు; ఈస్ట్ కణాన్నీ క్రిప్టోస్పోరిడియాన్నీ వేరుచేసే చూపు మాత్రం ఆ బొమ్మల పుస్తకం నిండితే గానీ రాదు.

ఇక రిపోర్టు. ఏ పద్ధతి ఎంచుకున్నా దాని పేరు రిపోర్టులో ఉండాలి: "ఒక నమూనా, సెలైన్, అయోడిన్ మౌంట్లు, గుడ్లు, సిస్టులు కనిపించలేదు, సాంద్రీకరణ చేయలేదు." ఈ వాక్యం చదివిన డాక్టరు రెండో నమూనా అడగాలో, మందు రాయాలో తానే నిర్ణయించుకోగలరు.